పోగులేసుకున్న పుస్తకం

కొత్తగా టీచర్లయిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఎండకాలం సెలవులల్ల హైస్కూల్ పిల్లలకు ఏం పని ఇయ్యాలె?" అని అడుగుతారు. నేను ఎప్పుడూ ఒకటే చెప్తాను. కథల పుస్తకం ఇవ్వండి. దాని మీద ఏమీ రాసుకురమ్మనకండి, సెలవులయ్యాక నోటితో చెప్పమనండి. తిరిగి తెచ్చిన పుస్తకం ఎట్లా ఉన్నా కోప్పడకండి. ఈ ఆఖరి మాట ఎందుకంటున్నానో ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్పడం రిటైరైనవాళ్ల జబ్బు కాబట్టి చెప్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను కొల్లాపూర్ దగ్గర ఒక ఊళ్లో, హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఊరికి ఒక పక్క మామిడి తోటలు, ఇంకో పక్క గుట్టలు, ఇంకా ముందుకు పోతే కృష్ణ. ఎండకాలంలో నది వెనక్కి జరిగితే, ఎప్పుడో మునిగిపోయిన ఊళ్ల మొండిగోడలు బయటికి వచ్చేవి. మధ్యాహ్నం పూట ఆ గోడల మీద ఎండ వణుకుతుంటే, వాటి మధ్య మనుషులు తిరుగుతున్నట్టే కనిపించేది. నేను రెండు మూడుసార్లు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఎవరూ లేరని తెలిసి కూడా కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను. ఆ ఊళ్లో ఎండకాలమంతా అట్లాగే, సగం నిద్రలో ఉన్నట్టు గడిచేది.

మా బడిలో కథల పుస్తకాలు ఒక ఇనుప బీరువాలో ఉండేవి. దాని తాళంచెవి పెద్దసారు దగ్గర ఉండేది. పెద్దసారంటే మా హెడ్‌మాస్టరు. చాలా మంచి మనిషి, కానీ బడి సామాను ఏది పోయినా తన పెన్షన్ ఆగిపోతుందని పీడకలలు కనేవాడు. "పుస్తకం బీరువల ఉన్నన్ని దినాలే పుస్తకం, మేడం. పిల్లల చేతుల పడ్డదా, ఇగ అది చిత్తుకాయితమే" అనేవాడు. పక్కనే కూర్చున్న లెక్కల సారు ఊరుకుంటాడా? "మామిడికాయల దినాలల్ల పుస్తకం ఎవడు సదువుతడు సార్? ఉప్పుకారం పొట్లం కట్టుకుంటరు" అని ఇంకొంచెం ఆజ్యం పోసేవాడు.

ఆ ఏడు మాత్రం నేను పట్టుబట్టాను. తొమ్మిదో తరగతిలో ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం ఇస్తాం, సెలవులల్ల చదువుకుని, పదో తరగతికి వచ్చాక క్లాసులో అందరికీ కథ చెప్పాలి, అదే సెలవుల పని అన్నాను. పెద్దసారు చివరికి తాళం తీశాడు కానీ, తీస్తూ తీస్తూ ఒక మాట అన్నాడు. "ఒక్క పుస్తకం తిరిగి రాకున్నా మల్ల ఈ బీరువ తెరువ. నా రిటైర్‌మెంట్ దాక తెరువ."

పంచుతుంటే పుస్తకాలు అయిపోయాయి. వెనక బెంచీలో నలుగురు ఆడపిల్లలు మిగిలారు. బీరువాలో మిగిలింది ఒక్కటే, అట్ట ఊడిపోయిన లావుపాటి నవల. పేరు, రాసినవాళ్ల పేరు ఆ అట్టతోనే పోయాయి. నది మీద పడవ నడిపే ఒక ముసలాయన, ఆయన ఇంట్లో పెరిగే ఒక పిల్ల, వాళ్ల కథ అది. ఆ బడికి వచ్చిన మొదటి ఏడే నేను దాన్ని చదివి ఏడ్చాను. "ఇది మీరు నలుగురూ పంచుకుని చదవండి" అని చేతిలో పెట్టాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు.

జూన్‌లో బడి తెరిచారు. పిల్లలు పుస్తకాలు తెచ్చారు. పసుపు మరకలు, మామిడి జీడి మరకలు, ఒకదానికి మేక నమిలిన మూల, అయినా అన్నీ వచ్చాయి. పెద్దసారు ఒక్కొక్కటే తిరగేసి చూసి, బీరువాలో పెడుతూ తేటపడుతున్నాడు. అప్పుడు వెనక బెంచీ పిల్లలు వచ్చారు. నలుగురు కాదు, ముగ్గురే. ముగ్గురి చేతుల్లోనూ మూడు కాగితాల కట్టలు ఉన్నాయి. ఒక్కోదానికి పక్కన తెల్లటి దారం కుట్టు.

"పుస్తకమేది?" అన్నాడు పెద్దసారు.

"ఇదే సార్. పోగులేసినం" అంది వాళ్లలో గట్టిపిల్ల, మేకలు కాసుకొచ్చేది.

మా దిక్కువాళ్లు కానివాళ్లకు ఇది చెప్పాలి. పండుగకు నాలుగైదు ఇండ్లవాళ్లు కలిసి ఒక మేకను కోసుకుంటారు. మాంసాన్ని మోదుగాకుల మీద పోగులు పోగులుగా పెడతారు. ప్రతి పోగులో ఇంత మెత్తనిది, ఇంత ఎముక, ఇంత కార్జం ఉండాల్సిందే. తర్వాత ఇంటికొకరు ఒక గుర్తు ఇస్తారు, పుల్లో రాయో ఆకో. ఏది ఎవరిదో తెలియని చిన్నపిల్లను పిలిచి, ఆ గుర్తులు పోగుల మీద పెట్టమంటారు. ఎవరి గుర్తు ఏ పోగు మీద పడితే అది వాళ్లది. ఇగ దాని మీద గొణుగుడు ఉండదు. మా పిల్లలకు పంచుకోవడమంటే తెలిసింది ఇదొక్కటే. నేను పంచుకోమన్నాను, వాళ్లు పంచుకున్నారు.

"బ్లేడుతోని ఇప్పి, మల్ల సూదితోని కుట్టినం సార్, కాయితాలు పోకుండ" అంది మామిడితోట పిల్ల. సెలవులంతా వాళ్ల అమ్మానాన్నలతో తోట కావలిలో ఉండేది. "ఎవ్వలకు ఎక్కువ తక్కువ కాలె."

"మేకనా అది!" అని పెద్దసారు కుర్చీలో కూలబడ్డాడు. లెక్కల సారు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. నాకు కోపం రావాలి. రాలేదు. ఒక కథ నాలుగు పోగులై, ఒకటి తోటలో చెట్టు కింద, ఒకటి గుట్ట మీద మేకల వెంట, ఒకటి నది ఒడ్డున మూడో పిల్ల మేనత్త ఇంట్లో, ఎండకాలమంతా మా ఊరి చుట్టూ తిరిగిందని తలుచుకుంటే నాకెందుకో చాలా సంతోషమైంది.

"నాలుగోది ఏది?" అన్నాడు పెద్దసారు.

ముగ్గురూ నేల చూపులు చూశారు. సంతనాడు కలుసుకుని పోగులు మార్చుకోవాలన్నది వాళ్ల ఒప్పందం. ముగ్గురూ మార్చుకున్నారు. నాలుగో పిల్ల మొదటి సంతకే రాలేదు. గుంపుమేస్త్రీ, అంటే కూలీలను పనికి తీసుకుపోయే మనిషి, ఆ వారమే వాళ్ల అమ్మానాన్నలను పైపుల పనికి తీసుకుపోయాడు. ఊరూరికీ నల్లా నీళ్ల కోసం భూమిలో పైపులు వేస్తున్న రోజులవి. ఎత్తుకోవాల్సిన తమ్ముడు ఉన్నాడు కాబట్టి ఆ పిల్లనూ తీసుకుపోయారు. ఆ పిల్ల వంతుకు పడిన చివరి పోగు కూడా ఆమెతోనే పోయింది.

అట్లా మా పదో తరగతికి కథ ఉంది, ముగింపు లేదు. మూడో పోగు ఒక వాక్యం మధ్యలో తెగిపోయింది. వాన రాత్రి, ముసలాయన తెడ్డు గోడకు ఆనించి, పిల్లను పిలిచి, "రేపు పొద్దున నువ్వు" అంటాడు. అంతే, అక్కడ దారం కుట్టు. ముగ్గురు పిల్లలు క్లాసులో కథ చెప్పి అక్కడికి వచ్చి ఆగేసరికి తరగతంతా గోలపెట్టింది. ముసలాయన మునిగిపోతాడని మేకల పిల్ల, పిల్లకు పెండ్లి చేస్తాడని మామిడితోట పిల్ల, అదంతా కల అయి ఉంటుందని నది ఒడ్డు పిల్ల, తలా ఒక ముగింపు చెప్పారు. "మీరు సదివిండ్రు గదా, చెప్పుండ్రి మేడం" అని నా వెంట పడ్డారు. నేను చెప్పలేదు. చెప్పేస్తే ఆ నాలుగో పిల్ల కోసం ఎదురుచూసేవాళ్లు బడిలో ఇంకెవరుంటారు?

రోజూ పొద్దున హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు దగ్గర ఒక క్షణం ఆగేదాన్ని. బడికి రాని పిల్లల పేర్లు హాజరు పట్టీలోంచి తీసేసే గడువు దగ్గర పడుతోంది. అప్పటికి రాకపోతే పేరు కొట్టేయాలి. కొట్టేసిన పేరు మళ్లీ రాయించుకోవడానికి వచ్చిన ఆడపిల్లను నా సర్వీసులో నేను చూడలేదు. పెద్దసారుకు పేరు బాధ, పుస్తకం బాధ రెండూ ఉన్నాయి. "పిల్ల వస్తదో రాదో మన చేతిల లేదు మేడం. కనీసం ఆ కాయితాలన్న తెప్పియ్యుండ్రి, బీరువ తాళం పడకుండ ఉంటది" అన్నాడు. ఆయన దిక్కు నుంచి చూస్తే అది చాలా దయగా అన్న మాటే.

ఆ పిల్ల అవ్వను అడిగితే, భోనగిరి దిక్కు పోయిండ్రని చెప్పింది. మా చెల్లెలు భువనగిరిలోనే ఉంటుంది. ఆదివారం కలిసొచ్చేట్టు శనివారం ఒక పూట సెలవు పెట్టాను. లెక్కల సారు తన బండి మీద కొల్లాపూర్ బస్టాండులో దింపి, నా సంచిలో నాలుగు మామిడిపండ్లు వేశాడు. "కాయితాలు దొర్కకపోతే ఇవన్న తినుండ్రి" అన్నాడు. తర్వాత, బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "పిల్లనే తోల్కరాండ్రి మేడం, మంచి లెక్కలు చేస్తది" అన్నాడు. ఆయన నవ్వకుండా మాట్లాడగా నేను విన్నది అప్పుడే.

కల్వకుర్తి దాటేదాకా మెలకువగానే ఉన్నాను. తర్వాత ఎండ, వేడిగాలి, బస్సు ఊపు. కండ్లు మూస్తే మా మెట్ట చెలకల మీద నీళ్లు కనపడేవి. వాటి మీద పడవలో ముసలాయన, ఆయనకెదురుగా మా నాలుగో పిల్ల. తెరిస్తే ఎర్రటి దుక్కి, బోడి గుట్టలు. మళ్లీ మూసేదాన్ని. ఆ కలలో ఆమె ఎటువైపు ఒడ్డుకు పోతున్నదో ఎంత చూసినా తెలియలేదు.

మర్నాడు పొద్దున మా మరిదిగారు పైపుల పని ఎక్కడ జరుగుతోందో కనుక్కుని, గుంపు ఉన్న చోటు దాకా తీసుకుపోయి దించారు. రోడ్డు పక్కన పొడవునా కందకం, దాని వెంట నల్లటి పైపులు, ఒక పక్కన నీలం పట్టాలు కప్పిన గుడిసెలు. వెనక భువనగిరి గుట్ట, మీద కోట. ఒక గుడిసె ముందు ఆ పిల్ల తమ్ముణ్ని చంకనేసుకుని నిలబడి ఉంది. రెండు నెలల్లోనే పొడుగైంది, నల్లబడింది. నన్ను చూసి ముందు నమ్మలేదు. తర్వాత గుడిసెలోకి ఉరికి, పాలిథిన్ కవర్లో చుట్టిన కట్ట తెచ్చి నా ముందుకు చాపింది.

"తీస్కపొండ్రి మేడం. పాపం ఆళ్లు ఎదురుసూస్తుండొచ్చు" అంది.

నేను చెయ్యి చాపాను కూడా. వేళ్లకు ఆ కవరు తగిలింది. అప్పుడు తట్టింది. ఇది తీసుకుంటే పుస్తకం పూర్తవుతుంది, బీరువా తెరిచి ఉంటుంది, ముగ్గురు పిల్లలకూ ముగింపు దొరుకుతుంది. ఈ పిల్లతో ఎవరికీ ఇంక పనుండదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నీ పోగు నువ్వే తేవాలె బిడ్డా. నేను తీస్కపోతే ఎట్ల?" అన్నాను.

ఆ పిల్ల కవరును గుండెలకు ఆనించుకుని, తల దించుకుంది. ఈలోగా కందకంలోంచి ఆమె తల్లి పైకొచ్చింది. నుదుటి మీద మట్టి, చేతిలో గంప. నేనెవరో తెలియగానే ఆమె అడిగిన మొదటి మాట మంచినీళ్లు కావాలా అని కాదు, ఎందుకొచ్చావని కాదు.

"మేడమా! మంచిగొచ్చినవమ్మా. గా పిల్ల గా ముసలాయనకు ఏమైతది?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఆమే చెప్పింది. రోజూ పగటి బువ్వ తిన్నాక, ఎండకు పని ఆగే వేళ, పట్టాల నీడన గుంపంతా కూర్చునేదట. ఈ పిల్ల చదివేది. ఉన్నది ఆ ఒక్క పోగే కాబట్టి అదే మళ్లీ మళ్లీ. అందరికీ నోటికొచ్చేసింది. కానీ అందులో ముసలాయన, పిల్ల ఒకరినొకరు నువ్వు నువ్వు అనే పిలుచుకుంటారు. వాళ్లకు వరసేమిటో ఎక్కడా లేదు. ఎండకాలమంతా గుంపులో అదే పంచాయితీ.

"బువ్వొండే ముసలామె మనుమరాలంటది. మేస్త్రి కోడలంటడు. నా పెనిమిటి ఏమంటడో ఎర్కనా? కూలికి పెట్టుకున్న పిల్లంట! గట్లయితే ముసలాయన గంత ఏడుస్తడా, నువ్వే చెప్పు" అంది తల్లి. కొంచెం దూరంలో బీడీ వెలిగించుకుంటున్న తండ్రి ఇటు తిరిగి, "కూలికి పెట్టుకున్నోళ్ల కోసం ఎవ్వరు ఏడ్వరా ఏంది?" అన్నాడు మెల్లగా.

నాకు ఆ కథ మొదలు అక్షరం అక్షరం తెలుసు. ఆ ముసలాయనకు ఆ పిల్ల ఎట్లా దొరికిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ తల్లి కండ్లలోకి చూసి, "చదివి శాన ఏండ్లయిందమ్మా, యాదికి లేదు. మొదలంత బడిల ఉంది, ముగ్గురు పిల్లల దగ్గర" అన్నాను. ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు అబద్ధమాడరాదని చెప్పినదాన్ని. ఆ ఒక్క అబద్ధం గురించి మాత్రం నాకు ఇప్పటికీ గర్వమే.

తల్లి గంప కింద పెట్టింది. బిడ్డ వైపు చూసింది. చంకలో ఉన్న పిల్లగాణ్ని చూసింది. తర్వాత పిల్లగాణ్ని తన చంకకు మార్చుకుని, "పోయి తెలుసుకొని రా బిడ్డా. వారం దినాలు. తమ్మున్ని ముసలామె సూస్తది తియ్యి" అంది.

"కథ కోసమా?" అన్నాడు తండ్రి.

"కథ కోసమే. నువ్వు కూలిపిల్ల అన్నవు గద, ఎవ్వలి మాట నిజమైతదో సూద్దాం."

వారం అంది. బడికి పంపుతాననలేదు. నేను దాని గురించి ఎత్తలేదు. మామిడిపండ్లు పిల్లగాడి చేతిలో పెట్టి, ఆ పిల్లను వెంటేసుకుని బస్సెక్కాను.

తిరుగు దారిలో ఆమె కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్లో కవరు. చాలా దూరం పోయాక, "నిజంగనే మీకు మొదలు యాదికి లేదా మేడం?" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ మామిడి తోటల కాపు గురించి ఏదో మాట్లాడాను. ఆ పిల్ల కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. కల్వకుర్తి దగ్గర మొగులు పట్టి, తొలి చినుకులు అద్దం మీద పడ్డాయి. ఆమె కవరును ఓణీలో దాచుకుంది.

సోమవారం పదో తరగతిలో మొదటి పీరియడ్ లెక్కలు. లెక్కల సారు సుద్దముక్క నా చేతిలో పెట్టి, తను వెళ్లి ఆఖరున మగపిల్లల బెంచీలో కూర్చున్నాడు. పెద్దసారు పనున్నవాడిలా వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముగ్గురు పిల్లలూ నాలుగో పిల్లను మధ్యలో నిలబెట్టుకుని కథ మొదలుపెట్టారు. వరద పోయిన పొద్దున ముసలాయన పడవలో, తడిసిన గోనెపట్టా కింద ఒక పసిపిల్ల. ఎవరి పిల్లో తెలియదు, ఎవరూ అడగరాలేదు. ఆయనకు పెండ్లాం లేదు, పిల్లలు లేరు. వింటున్న నాలుగో పిల్ల నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. రెండు నెలలు కథ చివరన కాపురమున్న మనిషి కదా, ఇప్పుడు ఆ ఇంటి గడప ఎక్కుతున్నది.

మేకల పిల్ల మూడో పోగు ఆఖరి వాక్యం చదివింది. "రేపు పొద్దున నువ్వు".

నాలుగో పిల్ల తన పోగు విప్పలేదు. దానికి కాగితం అక్కర్లేదు. "పడవెక్కాలి. అవతలి ఒడ్డున బడి ఉంది. నేను ఈ ఒడ్డునే ఉంటాను, నువ్వు వెనక్కి చూడొద్దు" అని చెప్పింది. ముగింపు దాకా అట్లాగే, చూడకుండా చెప్పింది. చెప్పి, నా దగ్గరికి వచ్చి, "అమ్మకు ఫోన్ చెయ్యాలె మేడం" అంది.

నా ఫోన్ ఇచ్చాను. తండ్రి నంబరు. స్పీకర్ నొక్కింది. అవతల గడ్డపారల చప్పుడు, గాలి, తర్వాత తల్లి గొంతు.

"అమ్మా, ఆ పిల్ల ముసలాయనకు ఏం గాదే. మనుమరాలు గాదు, కోడలు గాదు. వరదల కొట్టుకొస్తే పడవల దొరికింది. పెంచుకున్నడు, గంతే."

అవతల తల్లి ఫోన్ చెవి నుంచి తీసి గట్టిగా అరవడం మాకందరికీ వినిపించింది. "ఏం గాదంట! ఆయనకు గా పిల్ల ఏం గాదంట!" గడ్డపారలు ఆగిపోయాయి. ఎవరో ఏదో అన్నారు. తర్వాత గాలి చప్పుడొక్కటే. ఫోన్ కట్టయిందేమోనని పిల్ల చూసుకుంటోంది. వరండాలో తిరుగుతున్న పెద్దసారు తలుపు దగ్గర ఆగాడు.

"బిడ్డా" అంది తల్లి. "ఏం గానోడే పడవెక్కిచ్చి పంపిండు. నేను నిన్ను కన్నదాన్ని గదనే."

పిల్ల ఫోన్‌ను మొహానికి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"తమ్మున్ని ముసలామె సూస్తది. నాయిన కూడ సరే అంటుండు. నువ్వు అవ్వ కాడ ఉండు, ఆడ్నే సదువుకో. ఇటు రాకు."

ఫోన్ ఆగింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని తరగతి మధ్యలో నిలబడిపోయింది. పెద్దసారు లోపలికి వచ్చి, నా టేబుల్ మీదున్న నాలుగు పోగులూ ఒకదాని మీద ఒకటి సర్దాడు. "దబ్బనం ఉంటే పట్కరాండ్రి, నేను కుడుత" అన్నాడు ఎవరితోనో, కండ్లు తుడుచుకుంటూ. మేకల పిల్ల పోయి వెనక బెంచీలో కూర్చుని, తన సంచి తీసి కింద పెట్టుకుని, పక్కకు జరిగింది.

"నిలవడ్డవేందే? రా, కూసో" అంది.